దొంగ గాలి

కొత్త గాస్కెట్లు వేశాను.
పాతవాటి నల్లటి పెచ్చు బ్లేడుతో గీకి,
గుడ్డతో తుడిచి, గోటితో తడిమి చూసి మరీ.
బోల్టులు నడిమి నుంచి బయటికి
మూడు విడతలుగా బిగించాను,
జెనోబియా అక్క నేర్పిన వరసలోనే.

అయినా బండి వణుకుతోంది.
ఐడిల్ ఎగుస్తుంది, పడుతుంది,
నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
ఉలిక్కిపడుతుంది.
ఎక్కడో సన్నగా ఈల.
వంగి వింటే ఆగినట్టుంటుంది,
నడుం ఎత్తగానే మళ్ళీ.

ఒరూరోలో ఆగస్టు, పొద్దున్న ఏడు.
బకెట్లో నీళ్ళ మీద గాజుపలకలా మంచు.
మినీబస్సు యజమానురాలు సతుర్నీనా
గేటు దగ్గర పీటేసుకుని కూర్చుంది,
వీపున చారల గుడ్డలో మనవరాలు.
రెండు రోజులుగా ఏమీ అడగడం లేదు.
అడిగితే బాగుండును.

మీటరు తగిలించాను.
ముల్లు ఏడు దగ్గర కొట్టుకుంటోంది.
పుస్తకంలో పద్దెనిమిది ఉండాలని ఉంది.
"అది సముద్రం ఒడ్డున కూర్చుని రాసిన పుస్తకం రా,
ఇక్కడ గాలే పలచన.
పది చూపించిందంటే పెళ్ళికొడుకే" అంది అక్క.

మాకు సముద్రం లేదు.
దాని లెక్కలు మాత్రం ప్రతి పుస్తకంలోనూ.
పన్నెండు వేల అడుగుల మీద
ఎవరి ఆరోగ్యమైనా తీసివేత చేసి చూసుకోవాల్సిందే.

సరే, పది. పదిలో ఏడు.
ఆ మూడూ ఎటు పోయాయి?

ఇంజను గాలి పీల్చడానికి ఒక గుమ్మం ఉంది,
గుమ్మం దగ్గర ఒక గుమాస్తా,
ఇంత గాలికి ఇంత పెట్రోలని రాసుకుంటూ.
ఇది దొడ్డిదారిన దూరిన గాలి.
పద్దులో పడదు.
ఆకలి మీదున్న సిలిండర్లో చొరబడి
నిప్పు నోట్లో చల్లగా ఊదిపోతుంది.

సీసాతో నీళ్ళు చిమ్మాను, అంచు వెంబడి అంగుళం అంగుళం.
నీరు మూసిన చోట ఈల గుటక మింగాలి.
మింగలేదు.
మళ్ళీ విప్పాను. మళ్ళీ బిగించాను. మళ్ళీ చిమ్మాను.
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను,
గాస్కెట్ల దగ్గరే వెతికాను నేను.
నా చేతి పని అది, తప్పూ అక్కడే ఉండాలి.
తప్పు వెతుక్కోవడంలోనూ
ఎంత గర్వం మనిషికి.

ఆ రోజు నెలలో మొదటి శుక్రవారం.
పెట్రోలు డబ్బాలు అవతల పెట్టించి
అక్క నిప్పుల మూకుడు తెచ్చింది,
కోవా ఆకు, లామా కొవ్వు, చక్కెర బిళ్ళలు.
భూమితల్లికి పొగ.
లేత్ మిషనుకు చూపింది, జాకీకి చూపింది,
సీటు ఎత్తిన మినీబస్సు ముందు
ఎడంగా నిలబడి టోపీతో విసిరింది.

పొగ తిన్నగా పోతోంది.
పోతూ పోతూ ఒక పాయ విడిపోయి
మానిఫోల్డు వెనక్కి వంగింది,
దారప్పోగై
చీకట్లోకి దూరిపోయింది.

ముగ్గురం చూశాం. ఎవరం మాట్లాడలేదు.

చెయ్యి పెట్టి తడిమాను.
చిటికెన వేలంత గొట్టం, బోసిగా.
నా వేలి కొసను పసిపాప నోరులా పీల్చింది.
దాని రబ్బరు టోపీ సోమవారం నేనే తీశాను,
పోకూడదని భద్రంగా
చొక్కా జేబులో వేసుకున్నాను.
ఉంది, కోకా ఆకు పొడి మధ్య.

చంకలో బిడ్డను పెట్టుకుని వెతికారని చెప్పుకుంటారు.
ఇక్కడ బిడ్డల్ని చంకనెత్తరు, వీపున కడతారు.
నేను గుండె మీదే పెట్టుకుని వెతికాను.

టోపీ తొడిగాను.
ముల్లు పదికి వచ్చి నిలబడింది.
ఆ నిశ్శబ్దానికి పసిది లేచి ఏడ్చింది,
రెండు రోజుల జోల ఎవరో ఆపేసినట్టు.

అక్క నా జేబు వంక చూసి
మిగిలిన చక్కెర బిళ్ళ నిప్పుల్లో వేసింది.

సతుర్నీనా నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.
రెండు రోజుల కూలి తీసి వెనక్కిచ్చాను.
ఎందుకని అడగలేదు.
ఈసారి కూడా,
అడిగితే బాగుండును.