గంట ఎంతసేపు మోగింది

జీతం సంగతి ఎవరైనా చెబుతారు.
నేను గంట సంగతి అడుగుతాను.
రోగి బొత్తాం నొక్కాక
ఎవరి చెప్పుల చప్పుడైనా వినపడేలోపు
ఎన్నిసార్లు ఊపిరి పీల్చుకోవచ్చు?

ష్చెచిన్‌లో ఫిబ్రవరి.
ట్రామ్ అద్దాల మీద మంచు ఉప్పుచారల్లా ఎండింది.
వంటగది బల్ల మీద రెండు కాగితాలు.
ఒకటి మా ఊరిదే, ఓద్రా నది పక్కన,
రేవు క్రేన్లు కనపడే ఎర్రిటుకల ఆసుపత్రి.
రెండోది సరిహద్దుకు అవతల, జర్మనీ వైపు.
తెల్లవారుజాము నాలుగుంబావుకు వ్యాను.
జీతం రెండింతలు. భాష మాత్రం సగం.

ఆ సగం భాషతో "నొప్పి ఎక్కడ" అనగలను.
"భయపడకండి, నేనిక్కడే ఉన్నా" అనడానికి
ఇంకా క్రియాపదం దొరకలేదు.

బ్రిగిడా, పదకొండేళ్ల నా నైట్ డ్యూటీ జోడీ,
రై రొట్టె తుంచుతూ అంది:
"అంకెలు చూడకు మిర్కా, కుర్చీలు చూడు.
నర్సుల గదిలో ఎన్నున్నాయో కాదు,
ఎన్నింటిలో మనిషి కూర్చున్న గుంట ఉందో చూడు."

శనివారం సాయంత్రం సంచిలో నారింజలేసుకుని
ఎవరినో చూడ్డానికొచ్చిన దానిలా
ఎర్రిటుకల ఆసుపత్రికి వెళ్లాను.
ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.
అడిగే మనిషి లేడని అప్పుడే అర్థం కావాల్సింది.

నర్సుల గది తలుపు బార్లా తీసుంది.
మూడు కుర్చీలు.
గ్లవ్స్ పెట్టెలూ సెలైన్ సీసాలూ
మనుషులకంటే ముందే వచ్చి కూర్చున్నాయి.
గోడ మీద డ్యూటీ చార్టు
పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్లీ రాసి
కాగితమే పలచబడింది.
లుద్మీవా అన్న పేరు వరసగా ఐదు రాత్రులు.
కప్పులో టీ ఉంటే వేలు ముంచి చూశాను.
చల్లారిన టీ కాదది, మరిచిపోయిన టీ.

అప్పుడు ఏడో గదిలో గంట.
లెక్కపెట్టడానికే కదా వచ్చాను, లెక్కపెట్టాను.
నలభై. నలభై ఒకటి.
ఎదురు గదిలో ఎవరో టీవీ గొంతు పెంచారు.
తొంభై.
నూట పన్నెండు దగ్గర లెక్క తప్పింది,
అప్పటికే నా కాళ్లు లోపల ఉన్నాయి.

ముసలావిడ మంచం కిందివైపుకు జారిపోయింది.
దిండు నేల మీద.
నా వార్డు కాదు, నా డ్యూటీ కాదు, ఒంటి మీద యూనిఫారం లేదు.
ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద,
మోకాలు మంచానికి ఆనించి, ఒకటి, రెండు, హా.
"కొత్తగా చేరావా?" అందావిడ.
నీళ్లు తాగిస్తూ జవాబు మింగేశాను.

లుద్మీవానే అయ్యుంటుంది, గుమ్మంలో ఆగింది,
నుదుటికి అతుక్కున్న జుట్టుతో.
నా మొహం కంటే ముందు చేతుల్ని చూసింది.
"చుట్టాలు ఇలా ఎత్తరు. ఏ వార్డు నీది?"
"ఇంకా ఏదీ కాదు."
నవ్వింది, నవ్వడానికి గోడను ఆనుకుంది.
"రమ్మనను. రావద్దనీ అనను.
ఈ రాత్రి ముప్పై నాలుగు మంది, నేనూ, ఒక ట్రైనీ కుర్రాడు.
లిఫ్ట్ మొన్నటినుంచీ పడుకుంది.
హెడ్ నర్సు మాత్రం మంచి మనిషి,
మనం ఏడుస్తుంటే తలుపు దగ్గరగా వేస్తుంది."
నారింజలు ఆమెకే ఇచ్చాను.

బుధవారం సరిహద్దు దాటాను.
అక్కడ గంట పదిహేను లోపే ఆగింది.
రోగిని యంత్రం ఎత్తింది, నడుం బతికిపోయింది.
ఇవన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
రాయనిది ఒకటుంది.
ఒక నర్సు, మధ్యాహ్నం డ్యూటీలో, కూర్చుని,
రెండు మోచేతులూ బల్ల మీద పెట్టి, సూప్ తాగుతోంది.
సూప్ మీంచి ఆవిరి లేస్తోంది.
చూసి నాకు కడుపులో దేవినట్టయింది.
అసూయ అంటే ఇదే కాబోలు, మరిచి చాలా కాలమైంది.

ఆ ఆవిరి మీదే సంతకం పెట్టాను. సిగ్గేం లేదు.

ఇప్పుడు నాలుగుంబావు.
వ్యానులో ఆరుగురం, ఐదుగురు నిద్రలో.
చీకట్లో పెదాలతో ఆ క్రియాపదం నూరుకుంటున్నాను:
ఇక్కడే ఉన్నా, నేనిక్కడే ఉన్నా.
వంతెన అతుకుల మీద టైర్లు ఒక్కొక్కటే కొట్టుకుంటుంటే
నూట పదమూడు, నూట పద్నాలుగు.