ఉప్పునీళ్ల పరీక్ష

పిరాసికాబాలో జూలై పొద్దు.
షట్టర్ సగమే ఎత్తి
దల్వా వేళ్లకు నోటి ఆవిరి పట్టిస్తోంది.
లోపల రోలర్ల మీద బెల్టులతో కట్టేసిన పాత గోల్,
పొగరు దిగని పొట్టేలులా.

క్లెబెర్సన్ జేబులోంచి సీసా తీశాడు.
అరచేయంత సీసా. బంగారు రంగు మూత.
మీద మంట బొమ్మ, మంటలో గుర్రం, గుర్రానికి రెక్కలు.
"ఆక్టేన్ అయిదు పాయింట్లు పెరుగుతుందట.
ఆదివారం పందెం, రెండొందల ఒక్క మీటర్లు.
టర్బో ఇంకాస్త బిగించు, దోనా దల్వా."

ఆవిడ సీసా వెనక్కి తిప్పి చదివింది.
చదవడానికి కళ్లద్దాలు, వినడానికి కుడిచెవి.
ఎడమది ఈ షెడ్డే తినేసింది.

"పాయింటంటే పదోవంతు, నాయనా.
తొంభై మూడు కాస్తా తొంభై మూడున్నర అవుతుంది.
రెక్కలు గీసినవాడికి లెక్కలు రావనుకున్నావా?"

ఆక్టేనంటే బలం అనుకుంటారు అందరూ,
నేనూ అనుకునేవాణ్ణి.
బలం కాదట, ఓపిక.
పిస్టన్ పైకొచ్చి పీక నులుముతున్నా
నిప్పురవ్వ పిలిచేదాకా
కిక్కురుమనకుండా ఉండగలగడం.
ఓర్చుకోలేనిది ముందే భగ్గుమని
ఎదురొచ్చే పిస్టన్ నెత్తిన మొట్టుతుంది.
ఆ మొట్టికాయల చప్పుడు
రేకుడబ్బాలో గోళీలు పోసి ఊపినట్టుంటుందట.

నాకెప్పుడూ వినపడలేదు.
మూడేళ్లుగా రెంచీలు అందిస్తున్నా
నాకంతా ఒకటే రొద.
ఆవిడ ఇంజన్ దిమ్మకు రాగిగొట్టం బిగించి
రబ్బరు ట్యూబు కొస చెవిలో పెట్టుకుని
కళ్లు మూసుకుంది.
రోలర్లు తిరిగాయి. మూడు వేలు. నాలుగు.
నాలుగు వేల రెండొందల దగ్గర
కనుబొమ ముడిపడింది.
"ఆపు."

"చూశావా, ఆక్టేన్ చాల్లేదు,"
సీసా మూత తిప్పబోయాడు క్లెబెర్సన్.

ఆవిడ గాజు కొలపాత్ర తెచ్చింది.
యాభై గీత దాకా అతని ట్యాంకులోని పెట్రోలు,
ఆపైన వంద దాకా ఉప్పునీళ్లు.
బిరడా బిగించి పదిసార్లు బోర్లించింది,
పసిబిడ్డను భుజం మార్చుకున్నంత నెమ్మదిగా.
పావుగంట ఆగాలి.
కాఫీ తాగాం. బయట ఎవరి బస్సో స్టార్టు కాక దగ్గింది.

నీళ్లూ ఆల్కహాలూ చుట్టాలు,
కలిశాయంటే పెట్రోలును పరాయిదాన్ని చేస్తాయి.
నీటిమట్టం అరవై మూడు దగ్గర ఆగాలి.
డెబ్బై రెండెక్కి కూర్చుంది.

"రింగురోడ్డు బంకులోనా?"
"చవకని..."
"నూటికి నలభై అయిదు పాళ్లు చెరుకే ఇందులో.
ఓపిక కావలసినదానికన్నా ఎక్కువే ఉంది.
ఆకలేస్తోంది దానికి.
చెరుకు మనిషికి రెండు ముద్దలు ఎక్కువ పడతాయి.
నువ్వేమో పాత కొలతే పెట్టి పరిగెత్తించి
అరుస్తోందని నోట్లో మందు పోస్తానంటావు."

అలా అన్నప్పుడు
గోడకు తగిలించిన కత్తి వైపు ఆవిడ చూడలేదు.
నేను చూశాను. వాళ్ల నాన్న అర్జెమీరోది.
పిడికి చుట్టిన గుడ్డ ఇంకా మసిగానే ఉంది.
రోజుకెన్ని టన్నులు నరికేవాడో ఒకసారి చెప్పింది.
ఏం తినేవాడో చెప్పలేదు.

ట్యాంకు ఖాళీ చేశాం. ఒట్టి ఆల్కహాలు పోశాం.
లావు ఇంజెక్టర్లు వేసి
మంటను డిగ్రీన్నర ముందుకు జరిపింది.
చలికి ఒట్టి ఆల్కహాలు నిద్రలేవదు గనక
బానెట్ మూల చిన్న డబ్బాలో
గుక్కెడు మంచి పెట్రోలు, పొద్దున్నే తాగించడానికి.

ఈసారి ట్యూబు నా చెవికి ఇచ్చింది.
నాలుగు వేలు. నాలుగు వేల రెండొందలు. ఆరు.
"ఏం వినపడింది?"
"ఏమీ లేదు."
"ఆ ఏమీ లేకపోవడాన్ని గుర్తుపెట్టుకో. మళ్లీ విను."

సీసా సీలు తీయకుండానే
షట్టర్ కింద అడ్డం పెట్టాం, అది సగంలో ఆగడానికి.

ఆదివారం మొదటి రౌండులోనే
క్లెబెర్సన్‌ని పక్కకు తీసేశారు.
పచ్చలైటు వెలగకముందే కదిలాడట.