నాలుగు వందల కిలోలు

మోంతెవిదేవోలో, రేవు వెనక సందులో,
ఇంద్రజాలికులకి పెట్టెలు చేసే ముసలాయన దగ్గరికి
నూట పద్దెనిమిది పేజీలు పట్టుకెళ్లాను.
నలుగురు మెజీషియన్లు. ఒక బ్యాంకు. ఒక్క రాత్రి.
చివర్లో చప్పట్లు కూడా నేనే రాసేసుకున్నాను.

ఎవరిస్తో లగోమర్సీనో
మాతే బుర్రలోంచి ఒక గుక్క పీల్చి,
చెవి మీది పెన్సిల్ తీసి
నా కథ అట్ట వెనకే లెక్క వేశాడు.
"ఎనభై లక్షల డాలర్లు, ఇరవైల నోట్లు అన్నావు.
నాలుగు లక్షల కాగితాలు.
కాగితానికి గ్రాము.
నాలుగు వందల కిలోలమ్మా.
నీ పిల్ల ఎత్తుమడమల జోళ్లతో, రెండు పెట్టెల్లో,
ఎలా మోసింది? అదీ నవ్వుతూ?"

"మేజిక్ కదా" అన్నాను.

మాతే పక్కన పెట్టాడు.
"నా పెట్టెల్లో మాయమైన ప్రతి మనిషీ
మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని
ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంది.
టోపీలోంచి వచ్చిన కుందేలు పొద్దున్న క్యారెట్ తింది.
మధ్యాహ్నం దాని పెంట నేనే ఊడ్చాను.
కనికట్టు కంటికే. తూకానికి కాదు."

కాపలావాడు అరనిమిషంలో వశమైపోయే పేజీ దగ్గర
ఏమీ అనలేదు. నన్నే చూస్తూ వేళ్లు విరిచాడు,
నేను నిద్రపోలేదు.
"చూశావా" అని పేజీ తిప్పాడు.

నలభయ్యో పేజీలో ఆగిపోయాడు.
"ఈ క్యాషియరమ్మ మొదట్నుంచీ దొంగల మనిషే అని
ఆఖర్న చెప్పావు. బాగుంది.
మరి ఇక్కడ, బాత్రూంలో, తలుపు గడియపెట్టుకుని,
ఒక్కతే వణికిందే,
ఎవరిని నమ్మించడానికి?
అద్దాన్నా?"

నాకు చెవులు కాలాయి.
"సినిమాలో ఎవరూ అడగరండీ, అంత వేగంగా పోతుంది" అన్నాను.
"అడగరు. కానీ చీకట్లో మెట్లు దిగుతూ
ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తామే,
అలా గతుక్కుమంటారు. ఎందుకో వాళ్లకీ తెలియదు.
అబద్ధమాడినా అతికినట్టుండాలి.
అతుకు నా పని. నీ పని కూడా."

తర్వాత, అడగకుండానే, సాల్తో ఊళ్లో ఒక రాత్రి గురించి చెప్పాడు.
వానకి చెక్క ఉబ్బి దొంగతలుపు బిగుసుకుపోయింది.
లోపల ఎర్మెలిందా.
బయట ప్రొఫెసర్ బెలిసారియో
పదకొండు నిమిషాలు ఏదేదో మాట్లాడాడు,
చచ్చిపోయిన తన కుక్క గురించి కూడా.
ఆమె వచ్చింది. నవ్వింది. వంగి నమస్కరించింది.
చూపుడువేలికి గోరు లేదు.
"మూడో వరసదాకా కనిపించింది నెత్తురు.
ఆ ఊళ్లో అన్ని చప్పట్లు మళ్లీ వినలేదు.
పెట్టె నేను చేసిందే" అని
చాలాసేపు ఉలి తుడిచాడు.

రెండు నెలలు తిరగరాశాను.
మూడొంతుల డబ్బు ఖజానాలోనే వదిలేయించాను.
మిగిలింది వంద కిలోలు, తలా పాతిక.
ఏది తీసుకోవాలి, ఎంత వదలాలి అని
అలారం మోగేలోపు నలుగురూ పోట్లాడుకోవడమే
నా కథలో కథ అయి కూర్చుంది.
బాత్రూంలో క్యాషియరమ్మ ఇప్పుడు వణకదు,
చేతులు కడుక్కుంటుంది, మళ్లీ కడుక్కుంటుంది.
రెండోసారి చూసేవాళ్లకి అర్థమవుతుంది.

మొదటాట రోజు ఎవరిస్తోని తీసుకెళ్లాను.
వెనక వరసలో ఎవరో
పాకం పల్లీల పొట్లం కరకరలాడిస్తూనే ఉన్నారు.
తెరమీద ఆ పిల్ల సంచీ దించింది.
అరచెయ్యి విప్పి చూసుకుంది.
పట్టీ కోసిన ఎర్రటి గీత,
రెండు సెకన్లు, అంతే.
పొట్లం చప్పుడు ఆగింది.

బయటికొచ్చాక కోటు బొత్తాలు పెట్టుకుంటూ,
"ఆ ఖజానా తలుపుకి
మడతబందులు బయటివైపున్నాయి" అని
బస్సెక్కి వెళ్లిపోయాడు.