చెట్ల హాజరు

పొద్దున్న అయిదున్నరకి సోహార్‌లో బడి బస్సెక్కుతాను.
తలుపు పక్క సీటు నాది, పిల్లల లెక్కా నాదే.
చెట్ల లెక్క మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొదటి స్టాపు వేప.
ఇక్కడ షెరీష్ అంటారు.
పేరు మార్చుకుంది గానీ చేదు మార్చుకోలేదు.
మార్చిలో కిటికీ తీస్తే
పూత రాలి హాజరు పట్టీ మీద పడుతుంది.
దులపబుద్ధి కాదు.
రెండు పేర్ల మధ్య దాన్ని అలాగే ఉంచి
టిక్కు పెట్టేస్తాను.

మూడో స్టాపు బాదం. నా బాదం.
లాండ్రీ కొట్టు పక్కన, ఇస్త్రీ ఆవిరి పీలుస్తూ.
ఫిబ్రవరిలో ఒక్క వారంలో ఎర్రబడిపోతుంది.
ఇక్కడి చలి అంతే మరి, ఒక్క స్వెట్టరు పాటి.
ఒకటో తరగతి హఫ్సా చూసి
"ఆంటీ, చెట్టుకి జ్వరమా?" అంది.
అవునన్నాను.
నాలుగు రోజులు
కాండం మీద చెయ్యి పెట్టి చూడందే
బస్సెక్కలేదా పిల్ల.

రౌండబౌట్ దగ్గర రేగు.
కాదు, కునార్ అంటాడు డ్రైవర్ ఖుదాదాద్, వాళ్ల బలూచీలో.
పేరు కోసం రోజూ కొట్టుకుంటాం,
పండు మాత్రం చెరి సగం.
మా రాజోలు రేగుకన్నా పిండి ఎక్కువ, పులుపు తక్కువ.
ఆ మాట దాని ఎదురుగా అనను.

ఇళ్లన్నీ అయిపోయాక
బస్సు వెనక్కి తిప్పుకునే చోట జమ్మి.
అక్కడ ఏ పిల్లా ఎక్కదు.
మే నెలలో ఊరంతా దుమ్ముకొట్టుకుపోయి ఉంటే
ఇది అప్పుడు చిగురేస్తుంది, మొండిఘటం,
ఎండ దగ్గర పాత బాకీ ఏదో
వసూలు చేసుకుంటున్నట్టు.

జులై, ఆగస్టు బడి లేదు. బస్సు లేదు.
ఏసీ చప్పుడు వింటూ పడుకుని
స్టాపులు లెక్కపెట్టుకుంటాను.
బాదం ఎలా ఉందో అడుగుదామంటే
చెట్టుకి ఫోన్ నంబరుండదు కదా.

సెప్టెంబరులో బడి తెరిచిన రోజు
మూడో స్టాపులో తలుపు తీసేసరికి
బాదం పచ్చగా నిలబడి ఉంది,
ఒక్కో ఆకూ చేటంత.
మొదట్లో తడి.
చుట్టూ ఎవరో కట్టిన పాదు,
గట్టు మీద బోర్లించిన పెరుగు డబ్బా.

సంతోషించాలి.
పిల్లల్ని ఎక్కిస్తున్నంత సేపూ
లాండ్రీ వైపే చూశాను,
ఎవరా అని,
కొత్తగా తెలిసిన సవతిని వెతికినట్టు.

మర్నాడు నా సీసాలో నీళ్లు
సగమే తాగాను.