కన్నాలు

ఘుగ్గుస్‌ల పగటీలి రెండు కొట్టంగనె
గనిల బ్లాస్టింగు.
సాసర్ల కప్పు ఇసుమంత జరుగుతది.
నర్మద తాయి దాన్ని మళ్ల జాగకు జరుపుతది,
మాట ఆపకుంట.

"ఖిడికీ పడ్తలేదు బాబూ" అన్నది,
సగం మరాఠీ, సగం మన తెలుగు,
ముప్పై ఏండ్లు మనోళ్ల క్వార్టర్ల నడుమ నలిగిన నోరు.
"ప్లాస్టిక్ గదా, ఎండకు వంగింది. పీకేసి కొత్తది పెట్టు."

ప్లాస్టిక్‌ను అందరు తిడతరు.
నేను ముందుగాల టేపు తీస్త.
ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి,
ఆ మూల నుంచి ఈ మూలకు ఇంకోసారి.
తొమ్మిది మిల్లీమీటర్లు తేడా.
చట్టం వంగలేదు తాయీ.
గోడ నడుస్తున్నది
గని దిక్కు, దినాం ఒక వెంట్రుకవాసి.

అయినా ఇప్పుడే ముట్టను.
నలభై ఏడు డిగ్రీలల్ల తెల్ల చట్టం గూడ
బాలింత కాళ్ల లెక్క ఉబ్బుతది.
మా ఉస్తాద్ గజ్జెల పోచమల్లు చెప్పేటోడు:
మే నెల మిట్టమధ్యాహ్నం సక్కజేసిన కిటికి
డిసెంబర్‌ల గాలి తాగుతదిరా అని.
నీడ మర్లేదాక కూసున్న.
ఆమె వానల సంగతి చెప్పింది.
నాలుగు వానకాలాలు కిటికి కింద గోనెసంచి పరిచిందట,
దినాం తెల్లారంగ పిండిందట.

నీడ మర్లింది.
పొడుగు బీడింగ్ మొదలు, నడుమల నుంచి,
పలుచటి కత్తి దూర్చి, టక్కుమనేదాక.
అద్దాన్ని రెండు చేతుల దించి మంచం మీద పండబెట్టిన.
రెక్క ముక్కు వాలి ఉన్నది, అలిగిన పిల్ల తీరు.
బందు దిక్కు అడుగు మూలల ఒక బిళ్ల,
ఎదురు దిక్కు పై మూలల ఇంకో బిళ్ల.
అద్దం అంటె చూసుడే అనుకుంటరు.
మూల నుంచి మూలకు మోసేది గూడ అదే.

రబ్బరు ఎండి మూలల్ల వేలెడంత పొట్టిగైంది.
కొత్తది పెట్టిన, గుంజకుంట.
గుంజి పెట్టిన రబ్బరు రేపటికి ఎనకకు పోతది,
అప్పిచ్చిన సుట్టం లెక్క.
పిడి కింద మూత తిప్పి మర బిగించిన.
గోడ తొమ్మిది మిల్లీలు వంకర,
రెక్క దానికి తగ్గ వంకర.
ఒక్క వేలుతోని నూకంగనె పడ్డది.

"అరే" అన్నది తాయి.

ఇగ పోదామనుకుంట చట్టం గాడిల వేలు పెట్టిన.
బొగ్గు బురద.
నీళ్లు పోయే కన్నాలుంటయి గదా కింద,
బయటి మొఖాన, రెండు.
ఇంటి ఎనుకకు పోయి చూసిన.
సిలికాన్ పెట్టి మూసిన్రు. నున్నగ, ముద్దుగ.
"ఎవడో మొనగాడు!" అని నవ్విన,
బ్లేడుతోని ఒలిచిన.

ఊడొచ్చిన ముక్క మీద బొటనవేలు గుర్తు.
గుర్తుకు అడ్డంగ ఒక గీత.
నా వేలు చూసుకున్న.

పనిల చేరిన కొత్తల అద్దం కోసిన గీత అది.
అప్పుడు నేను హెల్పర్‌ను, పొట్టి నిక్కరోణ్ణి.
కంపెనోళ్లు మర్చిపోయి వదిలిన బొక్కలనుకున్న.
ఎవ్వరు చెప్పకముందె, మంచోణ్ణనిపించుకుందామని
వేలు తడిజేసి, ఒత్తి ఒత్తి మూసిన.

మగ్గుతోని నీళ్లు పోసిన గాడిల.
కాసేపు ఏం లేదు.
అటెన్క రెండు కన్నాల నుంచి నల్లగ,
నాలుగేండ్ల వానలు గోడ మీద గీతలు గీసుకుంట దిగినయి.

"అది నేనే తాయీ" అన్న. "అప్పట్ల."

ఆమె నా మొఖం చూడలేదు, కన్నాలు చూసింది.
ముక్క అందుకొని ఎండకు పట్టి చూసింది.
"సిలికాన్‌కని రెండొందలు ఎక్కువ తీస్కున్నరు ఆ దినం"
అన్నది.
పైసలు లెక్కబెట్టింది,
రెండొందలు ఎనకకు కొంగుల ముడేసుకుంది.
చాయ మాత్రం ఇంకో కప్పు పోసింది.

కప్పు సాసర్ల కదలకుంట ఉన్నది.
గోడ మీద నీళ్లు ఇంక కారుతనే ఉన్నయి.