సుద్దముక్క

పలమనేరు టమాటా మార్కెట్లో
నల్లబోర్డు మీద రేటు రాసేది నేనే.
పదకొండేండ్లు.
వేలం ఆరున్నరకి మొదలవుతాది.
రేటు నాకు ఆరింటికే తెలుస్తాది.

ఎట్లా అంటే,
దొరసామి టీ బంకు ఎనకాల
ఏడు మండీల వాళ్ళు ఏడు గ్లాసులు పట్టుకోని
మోకాళ్ళ నొప్పులు, పిల్లోళ్ళ సంబంధాలు మాట్లాడుకుంటారు.
రేటు మాట ఒక్కటీ రాదు.
గ్లాసులు కడిగే పిలగాడు మాత్రం నా కాడికొచ్చి
తడి చేతులు చాపుతాడు:
తొమ్మిది వేళ్ళు.
పదహైదు కేజీల పెట్టె, తొంభై.

ఆనక పాట.
గొంతులు చించుకుంటారు, ఎనభై, ఎనభై రెండు,
తుండుగుడ్డ కింద చేతులు కలుస్తాయి, ఇదిలించుకుంటాయి.
భారతం మిట్ట మీద
దుర్యోధనుడు పడేది ఊరందరికీ తెలిసినా
పద్దెనిమిది దినాలూ కొట్టుకోరా, అట్ల.

పెద్దపంజాణి కుప్పమ్మ
ఇరవై నాలుగు పెట్టెలు దించి అడిగింది:
"ఇంకో రూపాయి ఇచ్చే మండీ యాడుండాదప్పా?"
పక్కన, అన్నారు.
పక్కనా తొంభై. దాని పక్కనా.
బాడుగ పోను, కూలి పోను, కమీషను పోను
మిగిలింది లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకునింది.

అదే మాపు తిరపతి నుంచి మా చెల్లెలు ఫోను.
కొర్లగుంటలో కేజీ నలభై అంట.
"చారులోకి ఒక్క కాయే పిసికినా, నలుగురికి.
నువ్వు మార్కెట్లో ఉండి ఏం లాభంన్నా?"
ఆరు రూపాయలు బస్సెక్కి
మూడు గంటల్లో నలభై అయి దిగినాయి.
నడాన ఎవురూ నీళ్ళు కూడా పొయ్యలేదు.

ఆ నెల్లోనే ఢిల్లీ ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది.
పోటీ పడాల్సినోళ్ళు లోలోపల ఒకటైతే
నేరమని చట్టముందంట.
"ఒప్పంద పత్రం ఏమైనా ఉందా?"
లేదు మేడమ్.
"ఫోను మెసేజీలు?"
రోజూ కలిసి టీ తాగేవాళ్ళకి ఫోనెందుకు.
"మరి సాక్ష్యం?"
బోర్డు చూపించినా.
నల్లగా, శుభ్రంగా ఉండాది.
రాసేదే కాదు, చెరిపేదీ నేనే.

మా ధనకోటి పాల లెక్క పుస్తకం సంగతి
ఆయమ్మకి చెప్పలేదు.
పాలాయన టిక్కుల పక్కన రోజుకో అంకె,
పొద్దున ఆరింటిది,
నా చేతిరాత.
పెద్దమండీ ఆయన కాడ పాప ఫీజుకి తెచ్చిన అప్పుండాది.
ఆమె కారు గేటు దాటేదాకా నిలబడితి.
జోబీలో సుద్దముక్క పొడైంది.

నిన్న కవరు కొన్నా.
బోర్డుకి అలవాటైన చెయ్యి కదా,
అక్షరాలన్నీ గుమ్మడికాయలంత వచ్చినాయి.
న్యూఢిల్లీ అని రాసేలోపల
కవరు అయిపోయింది.
ఇంకోటి కొనాల, పెద్దది.