ముప్పై ఒకటో వరస

ఆక్లాండ్ నుంచి సాంతియాగోకి
తొమ్మిది వేల ఆరు వందల అరవై కిలోమీటర్లు,
పదకొండు గంటలు.
తెర మీద అలాగే ఉంటుంది.
నాకు మాత్రం చెత్త సంచీ చెబుతుంది.
గాలి వెనకనుంచి తోసిన రోజు
నాలుగు సంచులతో సరి.
గాలి మొరాయిస్తే ఐదోది విప్పాలి.
అరగంట ఎక్కువైతే చాలు,
ఎన్ని వేరుశనగ పొట్లాలు చింపుతారో మనుషులు,
ఎన్ని కాగితం కప్పుల అంచులు కొరుకుతారో!

ఆదివారం సాయంత్రం ఆరింటికి అక్కడ లేచింది
ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకే ఇక్కడ దిగుతుంది.
తప్పు కాదట, దారిలో ఒక గీత ఉందట.
ఎక్కడా అని అడిగితే
మా మేస్త్రీ నిబాల్దో
చేతిలో తడిగుడ్డతో గాల్లో నిలువునా గీసి
"ఇదిగో, దాటేశావు ఎర్మెలిందా, ఇక పని చూడు" అన్నాడు.
నలభై నిమిషాలే ఇస్తారు మాకు,
గీతకి ఏ పక్కనైనా.

ఫోను దొరికితే పెట్టెలో వెయ్యాలి,
కళ్ళజోడు, పాస్‌పోర్టు కూడా.
ఒంటి మేజోడు చెత్త కింద లెక్క.
ముప్పై ఒకటో వరస, కిటికీ పక్కన,
నా బొటనవేలికి తొడగొచ్చు, అంత మేజోడు,
పసుపుది.
మడమ దగ్గర ఎవరో ఆకుపచ్చ ఊలుతో మాటు వేశారు.
మాటు వేసినదాన్ని పారెయ్యడం నా చేతకాదు.
మూడు మడతలు పెట్టి
ముందు సీటు జేబులో దోపాను.

నాలుగు రోజులకి అదే విమానం, అదే జేబు.
నాలుగు మడతలు.

అంటే అటు చివరా ఒకరున్నారు,
వంగి, నడుం పట్టుకుని, గడియారం చూసుకుంటూ.
నేను మూడు పెడితే అటు నుంచి నాలుగు.
ఒకసారి అందులో తలపిన్ను వచ్చింది,
ఆడమనిషే అనుకున్నాను.
పన్నెండో వరసలో దొరికిన పిన్ను పెట్టిన
బట్టతల మగాడూ కావచ్చు.
నేను గుండీ పంపాను.
గింజలైతే అక్కడ రానివ్వరు.

ఊళ్ళు తిరిగేవాళ్ళని
కాలికి బలపం కట్టుకున్నారంటాం.
ఇది అసలు కాలే లేకుండా తిరిగింది.
ఇటు వచ్చేటప్పుడు ఆదివారం రెండుసార్లు,
అటు వెళ్ళేటప్పుడు సోమవారం మాయం.
ఆ సోమవారాలన్నీ ఏ సీటు కింద చేరాయో
అటువాళ్ళకి తెలియాలి.

చలికాలం మధ్యలో ఆ దారికి వేరే విమానం వేశారు.
కొత్త జేబులు, జిప్పులున్నవి.
అన్నీ తడిమాను.
అది ఏ దారిన తిరుగుతోందో.
ఈపాటికి ఆ పాదం
పెద్దదైపోయి ఉంటుంది.

నా ఇల్లు లా పింతానాలో.
ముప్పై అయిదు కిలోమీటర్లకి రెండు బస్సులు, రెండు గంటలు.
ఈ నడకన సముద్రం దాటాలంటే ఇరవై మూడు రోజులు.
నిద్రపట్టని రాత్రి
కరెంటు బిల్లు వెనక కూడాను:
తొమ్మిదేళ్ళు, రానూ పోనూ.
పందొమ్మిదిసార్లు సముద్రం దాటేశాను.
ఇరవయ్యోది సగమైంది.

అంటే అటు ఒడ్డు తాకి
తిరుగు దారిలో,
నీళ్ళ మీద ఉన్నాను ఇప్పుడు.
రెండో బస్సు ఇంకా రాలేదు.